త్యాగమని రాయొద్దన్న మా మేడమ్

మా మేడమ్ పోయారన్న కబురు సోమవారం పొద్దున వచ్చింది. ఆఫీసుకు వెళ్లడానికి చైతన్యపురి మెట్రో స్టేషన్‌లో నిలబడి ఉన్నాను. ఫోన్ చేసింది ఆమె తమ్ముడు. "అక్కా, మా అక్క పోయింది. తెల్లారంగ, దవాఖానలనే. బడంగ్‌పేటకు తీస్కపోతున్నం" అన్నాడు. రైలు వచ్చింది, ఎక్కేవాళ్లు ఎక్కారు, తలుపులు మూసుకున్నాయి. రోజూ నాతో పాటు ఎక్కే ఒకావిడ అద్దంలోంచి నన్ను వింతగా చూస్తూ వెళ్లిపోయింది. నేను మెట్లు దిగి కిందికొచ్చి ఆటో పిలిచాను.

ఆమె నాకు బంధువు కాదు. నా మొదటి ఉద్యోగంలో మేనేజరు. ఇవాళ నేనొక టీమ్‌ను నడుపుతున్నానన్నా, నలుగురు పెద్దవాళ్లు కూర్చున్న చోట "ఈ పని ఈ తేదీకి కాదు" అని చెప్పగలుగుతున్నానన్నా అది ఆమె నేర్పిందే. ఆమె గురించి పత్రికల్లో ఎవరూ రాయరు. ఆమె పనిచేసిన కంపెనీ గోడల మీద ఆమె ఫోటో లేదు. అందుకని నాకు తెలిసింది నేను రాస్తున్నాను.

మాది తెనాలి పక్కన పల్లె. డిగ్రీ అయ్యాక హైదరాబాదు వచ్చి, చైతన్యపురిలో హాస్టల్లో ఉంటూ, దిల్‌సుఖ్‌నగర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకున్నాను. మాదాపూర్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఆ కంపెనీ బస్సు ఎల్.బి.నగర్ నుంచి బయలుదేరేది. మేడమ్ అక్కడే ఎక్కేవారు. వాళ్లది నల్లగొండ జిల్లాలో ఒక ఊరు. తండ్రి లారీ నడిపేవాడట, ఆయన పోయాక తల్లినీ తమ్ముణ్నీ తెచ్చుకుని ఎల్.బి.నగర్‌లో మేడ మీద ఒక వాటా కిరాయికి తీసుకుని ఉండేవారు. మా కంపెనీలో మేనేజర్లందరిలో ఆడమనిషి ఆమె ఒక్కరే.

చేరిన కొత్తలో ఒక మీటింగు మొత్తం నేను నోరు తెరవలేదు. మర్నాడు బస్సులో ఆమె నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నిన్న నువ్వేం మాట్లాడలే. చెప్పేటిది లేకుండెనా, ఉండి చెప్పలేదా?"

"ఉంది మేడమ్. కానీ..."

"ఏముండె? ఇప్పుడు చెప్పు."

చెప్పాను. ఆమె మొత్తం విని, "మంచిగనే ఉంది గదా. నిన్న చెప్తే ఏమైతుండె?" అన్నారు.

"ఎవరైనా నవ్వుతారేమోనని."

"ఎవరు నవ్వుతరు? పేరు చెప్పు."

మీటింగులో కూర్చున్న వాళ్లను ఒక్కొక్కరినే తలచుకున్నాను. చెప్పడానికి ఒక్క పేరు కూడా దొరకలేదు. ఆమె చేతిసంచిలోంచి వేయించిన బఠానీలు తీసి నా దోసిట్లో పోశారు. ఆ రోజు నుంచి మాకు అదే రివాజు అయింది. మలక్‌పేట దాటేదాకా చాలామంది కునుకు తీసేవారు. మేడమ్ మాత్రం చున్నీ అంచు చెవులకు అడ్డం చుట్టుకుని, ముందు రోజు నేను చెప్పకుండా మింగేసిన మాటలన్నీ నాతో చెప్పించేవారు. మొదట తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో. జవాబులు ఆమె ఎప్పుడూ ఇవ్వలేదు. అడుగుతూ పోయేవారు. కొన్ని రోజులు ఆ ప్రశ్నలకు నాకు ఏడుపు వచ్చేది.

నా ఒక్కదానికే కాదు, ఆ బస్సులో వచ్చే ఆడపిల్లలందరికీ వంతులుండేవి. కంపెనీ ఆ పని ఆమెకు అప్పగించలేదు. దానికి మెంటరింగ్ అని ఒక పేరుందనీ, పెద్ద కంపెనీలు దానికోసం బయటి నుంచి మనుషుల్ని పిలిపిస్తాయనీ నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

మెత్తని మనిషి కాదు. మాట మొదలుపెట్టే ముందు "సారీ" అంటే ఆమెకు ఒళ్లు మండేది. "తప్పు చెయ్యకముందే మాఫీ అడుగుతవేంది?" అనేవారు. ఒక అమ్మాయి చెప్పిన సంగతినే కాసేపాగి మగవాళ్లెవరైనా తమదిగా చెబితే, ఆమె చేయెత్తి, "ఇందాక ఈమె చెప్పింది గదే కదా. మిగిలింది గూడ ఆమెనే చెప్పనీ" అని ఆగిపోయేవారు. ఆ అమ్మాయి నోరు విప్పేదాకా గదిలో నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం భరించలేక మేము మాట్లాడేవాళ్లం. ఆమె యాసను వెనక అనుకరించి నవ్వుకునేవాళ్లు ఉండేవారు. ఆమె చెవిన పడేది. యాస మార్చుకోలేదు. కానీ క్లయింటుతో ఫోన్లో మాట్లాడాల్సినప్పుడు ముందుగా గ్లాసెడు నీళ్లు తాగి కాసేపు కళ్లు మూసుకునేవారు. మీకూ భయమేనా అని ఒకసారి అడిగాను.

"గుండె కొట్టుకుంటనే ఉంటది. గిన్నేండ్లయినా పోలే. అది కొట్టుకుంటుండంగనే మాట్లాడాలె."

తర్వాత తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల షట్టర్లు ఎప్పుడు దిగుతాయో తెలిసేది కాదు. బంద్ అంటే మా బస్సు కదిలేది కాదు. హాస్టల్లో కోస్తా పిల్లల ఫోన్లు రోజంతా మోగుతూ ఉండేవి. మా నాన్న కూడా వచ్చేయమన్నాడు. బస్సులో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది కూడా ఆలోచించుకునే రోజులు వచ్చాయి. కలిసి అన్నం తినేవాళ్లు వేరువేరు బల్లల దగ్గరికి వెళ్లిపోయారు.

ఆ రోజుల్లోనే మేడమ్ తమ్ముడు, ఎం.సి.ఎ. చదువుతున్న పిల్లాడు, ఒక ఊరేగింపులో దెబ్బ తిన్నాడు. కంటికి తగిలింది. మేడమ్ కొన్నాళ్లు ఆఫీసుకు రాలేదు. వచ్చిన రోజు ఆమె ముఖం ఎలా చూడాలో తెలియక బస్సులో అన్నిటికంటే వెనక సీటులో కూర్చున్నాను. నేను ఆంధ్రా పిల్లను. ఏమని పలకరించను? మూసీ వంతెన దాటుతుండగా ఆమె లేచి, కమ్మీలు పట్టుకుంటూ నడిచి వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"నేను లేని రోజులల్ల కాల్‌ల ఏం చెప్పినవ్?"

చెప్పాను. చివరికి, "తమ్ముడికి ఎలా ఉంది మేడమ్?" అన్నాను.

"ఒక కన్ను పోయింది. రెండోది కనవడ్తది."

నా వైపు తిరగకుండా, కిటికీలోంచి చూస్తూనే అన్నారు. "నాకు తెలంగాణ రావాలె. నువ్వు పని మంచిగ నేర్చుకోవాలె. నాకు రెండూ కావాలె. ఎనుక సీట్ల గూసోకు."

అప్పుడు మేము చేస్తున్నది విదేశంలో ఒక ఆసుపత్రుల సంస్థకు సాఫ్ట్‌వేర్. ఏ రోగికి ఏ మందు, ఎంత ఇవ్వాలో నర్సులు అందులో నమోదు చేస్తారు. దాని పరీక్షలు చేసే చిన్న జట్టుకు లీడ్ పోస్టు ఖాళీ అయింది. మేడమ్ నా పేరు చెప్పారు. మా డెలివరీ హెడ్, అంటే ఆమె పై అధికారి, కుదరదన్నాడు. దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి వచ్చే ఆడపిల్లలకు ముఖ్యమైన పనులు వద్దని, బంద్ రోజున వాళ్లు రాలేరని, ఇదంతా వాళ్ల క్షేమం కోసమేనని చెప్పాడు. ఆ దారినే మగపిల్లలు కూడా వస్తారు కదా సార్, వాళ్లకు రాళ్లు తగలవా అని మేడమ్ అడిగారు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. బంద్ రోజున కూడా ఈ పిల్లలు పని ఆపరని నేను చూపిస్తానని ఆమె అన్నారు. తర్వాత ఆయనకు ఫోన్ చేసి, లాప్‌టాప్‌లు ఇంటికి తెచ్చుకోవడానికి అనుమతి అడిగి తీసుకున్నారు. ఆయన సరేనన్న మాట స్పీకర్‌లో, ఆమె పక్కనే ఉన్న నేనూ విన్నాను.

అలా ఎల్.బి.నగర్‌లో ఆమె ఇంటి ముందుగది బంద్ రోజుల్లో మా ఆఫీసు అయింది. సందుల్లోంచి నడిచి వెళ్లేవాళ్లం. సూర్యాపేట అమ్మాయి, గుంటూరు అమ్మాయి, నేను, ఇంకా కొందరం చాప మీద వరుసగా కూర్చునేవాళ్లం. మేడమ్ వాళ్లమ్మ జొన్నరొట్టెలు చేసి, "తినుండ్రి బిడ్డా, తిని కొట్టుకోండ్రి గా మిషన్లు" అనేది. లోపలి గదిలో కంటికి కట్టుతో తమ్ముడు పడుకుని ఉండేవాడు. నేను నా యాస వినపడకుండా గొంతు తగ్గించి మాట్లాడేదాన్ని.

ఆ సాఫ్ట్‌వేర్ క్లయింటుకు అప్పగించే తేదీ దగ్గర పడ్డప్పుడు నేనొక తప్పు పట్టుకున్నాను. ఇద్దరు రోగుల పేజీలు ఒకేసారి తెరిచి ఉంచితే, ఒకరికి రాసిన మందు అప్పుడప్పుడు ఇంకొకరి పేరున పడుతోంది. ప్రతిసారీ కాదు. అందుకే ఆ ప్రోగ్రాం రాసినవాళ్లు దాన్ని ఒప్పుకోలేదు. డెలివరీ హెడ్, అదంతా తర్వాత చూసుకోవచ్చు, పరీక్షలన్నీ సవ్యంగా అయ్యాయని క్లయింటుకు చెప్పమన్నాడు. క్లయింటుతో ఆ సంగతి మాట్లాడే కాల్ బంద్ రోజున పడింది. లీడ్ పోస్టు ఇంకా ఖాళీయే, పరీక్షలు చేసింది నేను కాబట్టి మాట్లాడాల్సిందీ నేనే.

"మీరే చెప్పండి మేడమ్. మీరు చెబితే వింటారు" అని బతిమాలాను.

"నేను జెప్తే నా మాటైతది. చూసింది ఎవరు?"

"నేనే."

"ఏం జూసినవ్?"

"ఒకరి మందు ఇంకొకరికి వెళ్తోంది."

"వాళ్లు అడుగుతరు. ఏం చెప్తవ్?"

లోపలి గదిలోంచి తమ్ముడి గొంతు వినిపించింది. "అక్కా, గా మందు ఎవరన్న మింగినంక తెలిస్తే ఏమైతది?" అతను నాతో మాట్లాడిన మొదటి మాట అదే. అతని మంచం పక్కన స్టూలు మీద అతని మందులు వరుసగా పెట్టి ఉన్నాయి. నేను వాటిని చూశాను.

కాల్ మొదలయ్యే సరికి కింద రోడ్డు మీద ఊరేగింపు వచ్చింది. డప్పులు, జై తెలంగాణ నినాదాలు. కిటికీలు మూసినా ఆగలేదు. అవతల ఆసుపత్రి తరఫున మాట్లాడుతున్న ఆవిడ ఆ చప్పుడేమిటని అడిగింది. వేరే లైనులో వింటున్న మా హెడ్ అందుకుని, ఏదో పండుగ అన్నాడు. సూర్యాపేట అమ్మాయి తల వంచుకుంది. మేడమ్ నన్నే చూస్తున్నారు. ఏమనమనీ సైగ చేయలేదు.

పండుగ కాదు, ఇక్కడి జనం తమ రాష్ట్రం కావాలని అడుగుతున్నారు, మేము ఆ రోడ్డు పక్కనే ఇంట్లో కూర్చుని పని చేస్తున్నాం అని చెప్పాను. నా ఇంగ్లీషు తడబడింది. తర్వాత మందుల సంగతి చెప్పాను. ఆగకుండా చివరిదాకా చెప్పాను. అవతలి ఆవిడ ఆ తప్పును తనకు చూపించమంది. చూపించాను. ఆ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు తమ ఆసుపత్రుల్లోకి రాకూడదని ఆమె అక్కడికక్కడే చెప్పేసింది.

ఫోన్ పెట్టాక మేడమ్ నన్ను మెచ్చుకోలేదు. "నీళ్లు తాగు" అన్నారు. ఇంకో గ్లాసెడు తానూ తాగారు.

దెబ్బ మేడమ్ మీద పడింది. కంపెనీ లాప్‌టాప్‌లు అనుమతి లేకుండా ఇంట్లో పెట్టించిందన్నారు. అనుమతి ఇచ్చినాయన నేను ఇవ్వలేదన్నాడు. నేను విన్నానని వెళ్లి చెప్పాను, ఎవరూ పట్టించుకోలేదు. క్లయింటుకు నినాదాలు వినిపించింది, ఆమె ఉద్యమం మనిషి అని ఆంధ్రావాళ్లు కొందరు అన్నారు. మనోళ్లుండంగ ఆంధ్రా పిల్లను ముందుకు తోస్తోందని తెలంగాణవాళ్లు కొందరు అన్నారు. ఈ రెండు మాటలూ ఒకే వంటగదిలో, ఒకే టీ మిషన్ దగ్గర విన్నాను. ఆ ఏడాది ఆమెకు రావాల్సిన పెద్ద పదవి ఇంకొకరికి వెళ్లింది. ఆమె చేతి కింది జట్టును తీసేసి, ఒక మూల గదిలో, చెప్పుకోవడానికి పేరు మాత్రం ఉన్న పనిలో కూర్చోబెట్టారు. క్లయింటే నా పేరు అడగడంతో లీడ్ పోస్టు నాకిచ్చారు.

నేను తీసుకోనని వెళ్లి చెప్పాను. ఆమె కోపంగా చూశారు.

"నువ్వద్దంటే నాది నాకు తిరిగొస్తదా?"

"రాదు మేడమ్."

"మరెందుకొచ్చినవ్ ఈడికి? పోయి పని చేస్కో."

కొన్నాళ్లకు ఆమె రాజీనామా చేశారు. రాష్ట్రం వచ్చిన రోజు ఎల్.బి.నగర్ చౌరస్తాలో గులాల్ చల్లుకుంటున్న జనంలో ఆమెను చూశాను. తమ్ముడి చేయి పట్టుకుని, కనపడని కన్ను వైపు తాను నడుస్తూ, ఎవరూ అతన్ని గుద్దుకోకుండా చూసుకుంటున్నారు. నన్ను చూసి దగ్గరికి పిలిచి నా బుగ్గలకు కూడా గులాల్ రాశారు.

ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ మేడ మీద చిన్న గది తీసుకుని, ఉద్యోగాల్లో ఉన్న ఆడవాళ్లకు శిక్షణ మొదలుపెట్టారు. మీటింగులో ఎలా మాట్లాడాలి, జీతం పెంచమని ఎలా అడగాలి, మనుషులతో పని ఎలా చేయించాలి. కింద అంతస్తులో కంప్యూటర్ భాషలు నేర్పే క్లాసుకు మెట్ల దాకా జనం. పైకి ఎవరూ రాలేదు. వచ్చిన ఒకరిద్దరి ఇళ్లలోవాళ్లు, మాట్లాడటం నేర్చుకోవడానికి ఫీజేమిటని అడిగారట. గది ఖాళీ చేశారు. చిన్న కంపెనీల్లో, తనకంటే చిన్నవాళ్ల కింద పనిచేశారు. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాలేదు. తుర్కయంజాల్‌లో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు. వాళ్లు బడంగ్‌పేటలో చిన్న ఇల్లు కట్టుకునే సరికి మేడమ్‌కు కడుపులో కాన్సర్ అని తేలింది. అప్పటికే ముదిరింది.

చివరిసారి ఆ ఇంట్లోనే చూశాను. మంచం మీద సగం అయిపోయి ఉన్నారు. ఏం మాట్లాడాలో తెలియక, "మా కోసం మీరు ఎంతో త్యాగం చేశారు మేడమ్" అన్నాను.

ఆమె కళ్లు తెరిచారు.

"త్యాగమా? నేనియ్యలే. నా దగ్గర గుంజుకున్నరు." ఊపిరి కోసం ఆగి, మళ్లీ అన్నారు. "గా పదవి నాకు కావాలనుండె. నాకంటే మంచిగ చేసెటోళ్లు ఆడ లేకుండె. నాకు ఇప్పటికీ కోపమే."

నేను ఆమె చేయి పట్టుకున్నాను.

"నేను పోయినంక మీరందరు ఏదో ఒకటి రాస్తరు. రాస్కోండ్రి. త్యాగం అని మాత్రం రాయొద్దు. అట్ల రాస్తే గుంజుకున్నోడు సాఫ్‌గ తప్పించుకుంటడు."

రాయనన్నాను. ఆమె మామూలు గొంతుతో, "నీ టీమ్‌ల ఎవరు మాట్లాడ్తలేరు?" అని అడిగారు. కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఉందని చెప్పాను.

"ఎందుకో అడిగినవా?"

"ఇంకా లేదు మేడమ్."

"ఇగ నువ్వేం మేనేజర్వి?" అని నవ్వబోయారు. నవ్వితే నొప్పి వచ్చింది. వాళ్లమ్మ వచ్చి నన్ను బయటికి పంపింది.

సోమవారం నేను వెళ్లేసరికి వీధిలో టెంటు వేస్తున్నారు. పొద్దెక్కే కొద్దీ ఆడవాళ్లు ఒక్కొక్కరే రాసాగారు. ఆఫీసులకని బయలుదేరి మధ్యలో తిరిగివచ్చినవాళ్లు. మెళ్లో గుర్తింపు కార్డులు, భుజాన లాప్‌టాప్ సంచులు. వాళ్లలో కొందరు నాకు తెలుసు, చాలామంది తెలియదు. సూర్యాపేట అమ్మాయి ఇప్పుడు పెద్ద హోదాలో ఉంది, కారులో వచ్చి చెప్పులు వీధిలోనే వదిలి లోపలికి పరుగెత్తింది. మేడమ్‌కు పని లేకుండా చేసినాయన రాలేదు. ఆ కంపెనీ నుంచి ఒక పూలదండ కూడా రాలేదు.

మేడమ్ వాళ్లమ్మ, కూతురి శవం పక్కన కూర్చుని, వచ్చిన ప్రతివాళ్లనూ తలెత్తి చూస్తోంది. చివరికి నన్ను అడిగింది. "వీళ్లంత ఎవరు బిడ్డా?"

"మేడమ్ దగ్గర పని నేర్చుకున్నవాళ్లమమ్మా."

ఆమె ఆ ముఖాలన్నీ మళ్లీ చూసింది. "గింతమందికి నేర్పిందా? నాకు ఒక్కనాడు చెప్పలే" అని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మధ్యాహ్నం శవాన్ని లేపారు. తమ్ముడు నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు. ఆడవాళ్లు శ్మశానానికి రాకూడదని పెద్దవాళ్లు ఆపేశారు. మేము వీధి మలుపు దాకా నడిచి అక్కడే నిలబడిపోయాం. డప్పు దూరమైంది. ఎవరి సంచిలోనో ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఇంతలో ఇంట్లోవాళ్లు లోపలంతా కడగడం మొదలుపెట్టారు. పసుపు, బంతిరేకులు కలిసిన నీళ్లు గడప దాటి, మెట్లు దిగి, సిమెంటు రోడ్డు మీదికి పారాయి. మేము వీధికి అటూ ఇటూ జరిగి, దుస్తుల అంచులు పైకి పట్టుకుని, ఆ నీళ్లు మా మధ్య నుంచి మోరీ కాలువలోకి వెళ్లిపోయేదాకా దారి ఇచ్చి నిలబడ్డాం.